విశ్వంభర్ సారు అడిగిన మట్టి రంగు

ఆ రోజుల్లో మా వరంగల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసేవాళ్లని వంద గజాల దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. భుజాన బరువైన బ్యాగు, చేతిలో జిరాక్సు కాగితాల కట్ట, మొహంలో కుదిరిన సంబంధం తప్పిపోయినంత దిగులు. థీసిస్ ఇవ్వాలంటే ముందు రెండు పేపర్లు ఏదైనా జర్నల్లో అచ్చు కావాలని నియమం. అందుకని క్యాంటీన్లో ఎవరు ఎదురైనా "తిన్నవా?" అని కాకుండా "అచ్చిందా?" అని అడిగేవారు. నాకు ఒకటి వచ్చింది, రెండోది రాలేదు. స్కాలర్‌షిప్ గడువు దగ్గరపడుతోంది. (కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో మా అమ్మ, మా పిల్ల డాక్టర్ అవుతోందని ఇరుగుపొరుగుకి అప్పటికే చెప్పేసింది. వాళ్లలో ఇద్దరు మోకాళ్ల నొప్పులకి మందు కూడా అడిగారు.) ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ ఇరవై ఆరేళ్ల వయసులో ఆ రెండో పేపర్ కోసం నేను చేసిన పనికి, దాని వెంట వచ్చిన భయానికి, చాలా రోజులు పట్టపగలే ఒళ్లు జలదరిస్తుండేది.

నా పని తొర్రూరు చుట్టుపక్కల పత్తి చేలల్లో మట్టి తీసి, అందులో జింకు ఎంతుందో కొలవడం. ముప్పై చేలు. ఒక్కో చేనులో జానెడు లోతు గుంట తవ్వి, మట్టిని గుడ్డసంచిలో వేసి, చీటీ కట్టి ల్యాబ్‌కి తేవాలి. ఇరవైరెండు చేలు మహా నిజాయితీగా తవ్వాను. ఇరవైమూడో చేనుకని బయల్దేరిన రోజు మాత్రం తొర్రూరు బస్టాండులో దిగేసరికి ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. ఆ చేనున్న ఊరికి వెళ్లే ఆటోవాడు రానన్నాడు. రెండు గంటలు షెడ్డు కింద నిలబడి, రెండు ప్లేట్ల మిరపకాయ బజ్జీలు తిని, వచ్చిన బస్సెక్కి వరంగల్ తిరిగొచ్చేశాను. మళ్లీ వెళ్దామనుకున్నాను. జూలై పోయింది, ఆగస్టు పోయింది, మిగిలిన ఏడు చేలూ అయిపోయాయి, ఆ ఒక్కటీ అలాగే ఉండిపోయింది. చివరికి ఒకనాడు నోట్‌బుక్ తీసి, ఇరవైరెండో చేను అంకెనీ ఇరవైనాలుగో చేను అంకెనీ కలిపి రెండుతో భాగించి, ఇరవైమూడు ఎదురుగా రాసేశాను. అటూ ఇటూ నల్లరేగడే కదా, మధ్యలో ఇంకేముంటుంది అనుకున్నాను. ఈ సంగతి నేను ఎవ్వరికీ చెప్పలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, ఎవ్వరికీ.

పేపర్ రాసి మా గైడ్ సారుకిచ్చాను. ఆయన పేజీలు తిప్పి, "ఊఁ, పంపు" అన్నారు. (మా సారు మాట్లాడే మాటల్లో సగం 'ఊఁ'లే.) జర్నల్ వాళ్లు మనం పంపిన పేపర్‌ని, ఆ విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురు పెద్దలకి పంపి తప్పొప్పులు చూడమంటారు. వాళ్లని రివ్యూయర్లంటారు. మేం పంపిన జర్నల్, రివ్యూయర్లుగా ఎవరైతే బాగుంటుందో మూడు పేర్లు మమ్మల్నే చెప్పమంది. రెండు పేర్లు దొరికాయి, మూడోది దొరకలేదు. అప్పుడు మా సీనియర్ ఒకాయన, మేమంతా షార్ట్‌కట్ అన్న అని పిలిచేవాళ్లం, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"గింత చదివినవ్, గిదెట్ల తెల్వదు చెల్లె? మనిషి దొరక్కుంటె మనిషిని తయారు చేసుకోవాలె. ఒక పేరు పెట్టు, ఒక మెయిల్ ఐడీ తెరువు, అయిపాయె. వాళ్లు ఆయనకు పంపుతరు, అంటే నీకే పంపుతరు. నీ పేపర్ నువ్వే దిద్దుకో."

"పట్టుకుంటె అన్నా?"

"ఎవడు పట్టుకుంటడు? లేనోణ్ణి ఎవడన్న పట్టుకుంటడా? జర మరీ పొగడకు. రెండు తప్పులు జూపి, మిగిలిందంత మంచిగుందని రాయి. నమ్ముతరు."

అలా పుట్టాడు డాక్టర్ విశ్వంభర్. ల్యాబ్ కంప్యూటర్ ముందు కూర్చుని నేనే కన్నాను. రిటైరైన మట్టి శాస్త్రవేత్త, ముప్పై ఏళ్ల అనుభవం. ఫోన్ నంబర్ లేకపోతే ఫారం ముందుకు కదలనంటే మా ల్యాబ్ ల్యాండ్‌లైన్ నంబరే ఇచ్చాను. వారం తిరక్కుండా ఆయనకి నా పేపర్ వచ్చింది. ఆయన తరఫున కూర్చుని, "చక్కని కృషి, ఒకచోట కామా తప్పింది, రిఫరెన్సుల్లో ఒక స్పెల్లింగు చూసుకోవాలి" అని రాశాను. (ఆ కామా, స్పెల్లింగు తప్పులు పేపర్లో నేనే ముందుగా నాటిపెట్టాను. నా పరిశోధన మొత్తంలో నేను చేసిన నిజమైన వ్యవసాయం ఆ నాటడమొక్కటే.) వెంటనే పంపితే అనుమానమొస్తుందని షార్ట్‌కట్ అన్న హెచ్చరించాడు కనుక, రాసింది మెయిల్లోనే డ్రాఫ్టుగా ఉంచి, రెండు వారాలాగి, మళ్లీ చదవకుండానే పంపే బటన్ నొక్కాను.

నెల తర్వాత ఎడిటర్ నుంచి జవాబు. చిన్న మార్పులతో తీసుకుంటామని. ఎగిరి గంతేసి, రివ్యూయర్లు ఏం రాశారో చదవసాగాను. మొదటాయన ఏదో పట్టిక బాలేదన్నాడు. రెండో రివ్యూయర్ మా విశ్వంభరే. చక్కని కృషి, అవును. కామా, అవును. స్పెల్లింగు, అవును. దాని కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి. 'ఇరవైమూడో చేనులో జూలై నెలలో మట్టి తీశామని రచయిత్రి రాశారు. ఆనాడు ఆ మట్టి ఏ రంగులో ఉందో దయచేసి తెలపండి.'

మధ్యాహ్నం పన్నెండున్నర. ల్యాబ్‌లో మట్టినీళ్ల సీసాలని ఊపే షేకర్ మిషన్ టకటకా ఆడుతోంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి అది ఆగిపోయింది. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ముప్పై చేలల్లో ఇరవైమూడే ఎందుకు? అంకె అడగలేదు, పద్ధతి అడగలేదు, రంగు అడిగాడు. అక్కడికి వెళ్లిన మనిషి మాత్రమే చెప్పగలిగేది అడిగాడు. కరెంటు రాగానే విశ్వంభర్ మెయిల్ తెరిచి, పంపిన ఉత్తరాల్లో చూశాను. అక్కడా ఆ రెండు వాక్యాలున్నాయి. నేను నొక్కిన బటన్‌తోనే వెళ్లాయి. అయితే నేనే రాశానా? నిద్రలో రాశానా? మా అమ్మమ్మ నిద్రలో లేచి గిన్నెలు సర్దేదని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఆ గుణం ఇంగ్లీషు వాక్యాలుగా నాకు వచ్చిందేమోనని నిజంగా అనుకున్నాను.

గైడ్ సారుకి కూడా ఆ జవాబు కాపీ వెళ్లింది. కారిడార్‌లో ఎదురై, "రివ్యూయర్ మంచి ప్రశ్న అడిగిండమ్మా. రంగే గద, రాసి పంపు. ఊఁ" అని వెళ్లిపోయారు. నలుపు అని ఒక్క మాట రాస్తే అయిపోయేది. రెండుసార్లు టైప్ చేశాను, రెండుసార్లు చెరిపేశాను. ఎవరో నా భుజం మీదుగా చూస్తున్నట్టుండి, వెనక్కి తిరిగితే గోడ, గోడకి ఆనుకుని మట్టి సంచులు.

ఆ సాయంత్రమే పాస్‌వర్డ్ మార్చేశాను. మా ఇంటి కుక్క పేరు, మా నాన్న పాత సైకిల్ నంబరు కలిపి, ఎవరి ఊహకీ అందనిది పెట్టాను. మర్నాడు పొద్దున మెయిల్ తెరిస్తే డ్రాఫ్టుల్లో కొత్తగా ఒకటి. ఎవరికీ పంపలేదు, పైన పేరు లేదు, మధ్యలో ఒకే లైను. 'రంగు అడిగాను. ఇంకా చెప్పలేదు.'

కుర్చీలోంచి ఎలా లేచానో తెలియదు. షార్ట్‌కట్ అన్న దగ్గరికి పరిగెత్తితే, ఆయన నవ్వడం మొదలుపెట్టి, స్క్రీన్ చూశాక ఆపేశాడు. "నేనైతె రాయలే చెల్లె, మా అమ్మ మీద ఒట్టు. నాకు నీ పాస్‌వర్డ్ గూడ తెల్వదు" అన్నాడు. కుర్చీ వెనక్కి జరిపి, "మనం పేరు పెట్టినం గద, ఆ పేరున్నాయన ఎవడన్న నిజంగ ఉండి, సచ్చిపోయిండేమో" అన్నాడు. ధైర్యం చెప్తాడని వెళ్తే ఇదీ ఆయన చెప్పిన ధైర్యం. అటు తర్వాత వారం రోజులు ఆయన మా ల్యాబ్ గడప తొక్కలేదు.

ఆ మరుసటి రోజు భోజనం చేసి వచ్చేసరికి మా ల్యాబ్ అటెండర్ చాచా గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. చాచాకి అబద్ధం ఆడటం రాదు. హెడ్ సారు సీట్లో లేకపోతే, వచ్చినవాళ్లకి "క్యాంటీన్ల చాయ్ తాగుతాండు" అని ఉన్నమాట చెప్పి తిట్లు తినే మనిషి.

"బేటీ, నీకు ఫోన్ అచ్చింది" అన్నాడు.

"ఎవరు చాచా?"

"విశ్వంభర్ సాబ్ అట."

నా చేతిలో టిఫిన్ డబ్బా కిందపడింది. "ఏమన్నడు?"

"గొంతు సక్కగ ఇనవడలే. బాయిల కెల్లి మాట్లాడినట్టున్నది. మట్టి సంగతి ఏమైంది అన్నడు. నువ్వు లేవన్న. మళ్ల జేస్తనన్నడు." చాచా నా మొహం చూసి కంగారుపడ్డాడు. "ఏమైంది బేటీ? జెరమా? దవాఖానకు పోదమా?"

ఆ పూట నేను ఫోన్ వైపు వీపు పెట్టి కూర్చోలేకపోయాను, ఎదురుగానూ కూర్చోలేకపోయాను. అది ఒకసారి మోగింది. నలుగురం ఉన్నాం, ఎవరూ ఎత్తలేదు. మిగిలిన ముగ్గురూ బద్ధకంతో, నేను భయంతో. అది ఆగాక నాకు ఒక్కటే తోచింది. ఆ మనిషి ఎవరైనా కానీ, దయ్యమే కానీ, అడుగుతున్నది తప్పు ప్రశ్న కాదు. రంగు చూసొచ్చి చెప్పేస్తే వదిలేస్తాడేమో.

మర్నాడు తొర్రూరు బస్సెక్కాను. అక్కణ్నుంచి ఆటో, ఆటో దిగాక రెండు ఫర్లాంగులు నడక. ఎండ నిటారుగా ఉంది. పత్తి ఏరడం అయిపోయి ఎండిన కట్టె నిలబడింది. కనుచూపు మేరలో మనిషి లేడు. పటం చూసుకుంటూ చేను గట్టు ఎక్కేసరికి, వేపచెట్టు నీడలో కూర్చున్న ఒక అవ్వ తల ఎత్తి, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, నా గుండె ఆగిపోయే మాట అంది.

"మళ్లచ్చినవా బిడ్డా?"

"నేనా? నేనెప్పుడు అచ్చిన అవ్వా?"

"గదేంది? ఆనకాలం పెద్దానల రాలేదా? గీ మూలకే తవ్వితివి. మట్టి సంచిల ఏసుకుంటివి. చున్నీ నెత్తికి కట్టుకుంటివి. ఆనల ఎందుకే బిడ్డా అంటె, సర్కారు పని అవ్వా అంటివి."

"నేను కాదవ్వా. నేను తొర్రూరు దాంక అచ్చి వాపసు పోయిన."

"నాకు కండ్లు కనవడయి అనుకున్నవా?" అని కోప్పడి, అవ్వ లేచి మంచె కిందికి వెళ్లి, ఒక నల్ల గొడుగు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మర్సిపోయి పోతివి. అప్పటిసంది దాచిపెట్టిన."

ఆ ఎండలో నాకు చలి వేసింది. నేను లేని రివ్యూయర్‌ని సృష్టిస్తే ఆయన ఉత్తరాలు రాస్తున్నాడు. రాని రాకని నోట్‌బుక్‌లో రాస్తే, ఇదిగో, వచ్చానని సాక్ష్యం చెప్పే మనిషి, సాక్ష్యానికి గొడుగు. ఒక్క క్షణం, నిజం చెప్పాలంటే ఒక్క క్షణం కంటే ఎక్కువే, ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఇంతమంచి సాక్షి దొరికాక ఇక భయమెందుకు? అవ్వ చెప్పినట్టే వచ్చానంటే పోయె. ఆ మాట మనసులో అనుకోగానే నా మీద నాకే భయమేసింది, విశ్వంభర్ కంటే ఎక్కువగా. గొడుగు గట్టు మీద పెట్టి, అవ్వ గడ్డపార తీసుకుని తవ్వడం మొదలుపెట్టాను.

పైన జానెడు లోతు దాకా నల్లమట్టి. నలుపే, హమ్మయ్య అనుకున్నాను. ఇంకో పోటు వేస్తే ఎర్రటి ఇసుక, కుంకుమ పొట్లం విప్పినట్టు.

"గదంత దుబ్బ చెలక బిడ్డా" అంది అవ్వ. "మొన్న ఎండకాలం చెర్ల మట్టి తోలిచ్చినం. మీద నలుపు గదే. గీడ ఓ తొమ్మిది మంది తోలిచ్చిండ్రు."

అంటే నేను పేపర్లో నల్లరేగడి అని బల్ల గుద్ది రాసిన నేలలో కొంత, చెరువు మట్టి కప్పుకున్న ఎర్ర ఇసుక. ఇసుక నేలకి జింకు కొరత ఎక్కువ, నేనేమో ఈ రైతులకి జింకు వేయనవసరం లేదని చివర్లో సలహా కూడా ఇచ్చాను. ఆ సలహా అచ్చయి, ఏ ఆఫీసరో చదివి, ఈ అవ్వకి చెప్పి ఉంటే? సంచికి చీటీ కడుతుంటే ఇరవైమూడు అని రాయడానికి చెయ్యి రాలేదు.

సాయంత్రం నాలుగింటికి ల్యాబ్‌లో అడుగుపెట్టాను. అక్కడ ల్యాబ్ అక్క ఒక్కతే ఉంది. ల్యాబ్ అక్క అంటే మా టెక్నీషియన్. మేం తెచ్చిన మట్టిని ఆరబెట్టడం, గడ్డలు చిదిపి జల్లెడ పట్టడం, మిషన్ మీద కొలవడం అన్నీ ఆమె చేతుల మీదే జరిగేవి. అచ్చయిన ఏ పేపర్ మీదా ఆమె పేరు ఉండేది కాదు. ఆమె నా వైపు చూడకుండానే తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని, ముందుకి చాపింది.

"తెచ్చినవా? ఇటియ్యి. నీడకు ఆరవెయ్యాలె."

నేను ఏం తెచ్చానో, ఎక్కడికి వెళ్లానో ఆమెకి చెప్పలేదు. "అక్కా... నువ్వేనా?"

"ఇరవైతొమ్మిది సంచులు జల్లెడ పట్టిన నేను. ముప్పయ్యోది నాకు రాలే. నోట్‌బుక్‌ల మాత్రం ముప్పై లెక్కలున్నయి" అంది. "ల్యాబ్ కంప్యూటర్ల మెయిల్ తెరిచి అట్లనే ఇడిసిపెట్టి పోతివి. నేను రీడింగులు ఎక్కిద్దామని కూసుంటె గా పెద్దమనిషి రివ్యూ కనవడ్డది. చదివి నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. రంగు సంగతి కింద నేనే రాసిన."

"పాస్‌వర్డ్ మార్చిన గదా అక్కా?"

"మార్చినవ్. మార్చినంక, గుర్తుపెట్టుకోవాల్నా అని కంప్యూటర్ అడిగితె అవునని నొక్కినవ్."

(ఈ దేశంలో డాక్టరేట్ పొందబోతున్న మేధావిని నేను.)

"మరి నన్ను పిలిచి తిట్టకపోతివా?"

"తిడితె నాకు ఇంకో అబద్ధం చెప్తవు. ఇట్లయితె నువ్వే పోతవనుకున్న. పోతివి." సంచి విప్పి, మట్టిని పేపర్ మీద పోసి, వేళ్లతో పరుస్తూ ఆగిపోయింది. "ఎర్రగున్నదేందే?" అంది మెల్లగా.

"గట్లయితె చాచాతోని ఫోన్ గూడ నువ్వే చెప్పిచ్చినవా?"

అక్క తల ఎత్తింది. "ఫోనా? ఏం ఫోను?"

చాచాని పిలిచి అడిగాం. ఖురాన్ మీద ప్రమాణం చేస్తానన్నాడు, ఫోన్ వచ్చింది నిజమేనన్నాడు. జర్నల్ ఆఫీసు నుంచి ఎవరో విశ్వంభర్ కోసం చేసి ఉంటారు, చాచా తలకిందులుగా విని ఉంటాడు, ఫారంలో ఆ నంబర్ ఇచ్చింది నేనే కదా అని నచ్చచెప్పుకున్నాం. కానీ జర్నల్ వాళ్లకి మట్టి సంగతి ఎందుకు? అది ఈరోజుకీ తేలలేదు. అక్క ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ ఆ ఫోన్ వైపు ఒకసారి చూసి, రిసీవర్‌ని కొంచెం సర్ది వెళ్లింది.

మర్నాడు గైడ్ సారు గదిలోకి వెళ్లి బజ్జీల దగ్గర్నుంచి విశ్వంభర్ దాకా మొత్తం చెప్పేశాను. ఏడ్చాను కూడా, కానీ ఆయన చూడకుండా. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. 'ఊఁ' అనలేదు. "పేపర్ మీద నా పేరు గూడ ఉన్నదమ్మా. నేను చదవకుండ పంపుమన్న. ఇద్దరం సంతకం పెట్టి వాపసు తీసుకుందం" అన్నారు. జరిగింది జరిగినట్టు ఎడిటర్‌కి రాశాం. ఆయన మర్యాదగానే జవాబిచ్చాడు. మూడేళ్ల వరకు మా పేపర్లు తీసుకునేది లేదన్నాడు, మా హెడ్‌కి ఒక కాపీ పెట్టాడు. హెడ్ సారు నన్ను గంటసేపు నిలబెట్టి మాట్లాడారు. థీసిస్ రెండేళ్లు వెనక్కి పోయింది. మోకాళ్ల నొప్పులవాళ్లు మా అమ్మని అడగడం మానేశారు. ఆ ఎండాకాలం అక్కా నేనూ కలిసి, నా ముప్పైలో చెరువు మట్టి తోలించిన ఆ తొమ్మిది చెలకలూ మళ్లీ తిరిగాం. అక్కడే వ్యవసాయ ఆఫీసులో పనిచేసే ఒకమ్మాయి కనబడి, భూసార పరీక్ష కోసం వానలో వచ్చి తను మర్చిపోయిన గొడుగు గురించి అడిగింది. అవ్వ మాత్రం ఆ అమ్మాయిని కిందామీదా చూసి, "నువ్వు గాదు, గీ పిల్లనే" అని నన్నే చూపించింది.

అన్నిటికంటే విచిత్రం, ఉత్తరాలు నడుస్తుండగానే జర్నల్ కంప్యూటర్ తన పని తను చేసుకుపోయి, నిశితంగా పరిశీలించినందుకు డాక్టర్ విశ్వంభర్‌ని అభినందిస్తూ రంగు రంగుల సర్టిఫికెట్ పంపింది. అక్క దాన్ని చూసి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "ఇరవై ఏండ్ల సంది గీ ల్యాబ్‌ల చేస్తాన. సర్టిఫికెట్ మాత్రం లేనోనికి అచ్చింది" అంది. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుని జల్లెడ చేతిలోకి తీసుకుంది. రెండేళ్ల తర్వాత వేరే చిన్న జర్నల్లో ఆ పని అచ్చయినప్పుడు రెండో పేరు అక్కదే. టెక్నీషియన్ పేరెందుకని ఎవరో అడిగితే, గైడ్ సారు "మట్టి జూసింది ఆమెనే" అన్నారట.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను, తలలో తెల్లవెంట్రుకలు వచ్చాయి, నా దగ్గరా ఇద్దరు పిల్లలు పీహెచ్‌డీ చేస్తున్నారు. ఆ పేపర్‌ని ఇంతవరకు ఎంతమంది చదివారో తెలియదు. చదివినవాళ్లలో నేనున్నాను, ఏడాదికోసారి తీస్తాను. పద్ధతులు వివరించే చోట 'తొమ్మిది క్షేత్రాలలో రెండవసారి నమూనాలు సేకరించడమైనది' అని ఒక పొడి వాక్యం ఉంటుంది. ఎవరికీ అందులో ఏమీ కనబడదు. నాకు మాత్రం మే నెల ఎండలో, మొహం మాడిపోయి, చెప్పులో ముల్లు దిగితే అక్క భుజం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి, అందరూ తననే చూస్తున్నారని సిగ్గుతో చచ్చిపోతున్న ఒక బక్కపిల్ల కనబడుతుంది. చుట్టూ చూసేవాళ్లెవరూ లేరు. ఆ సంగతి ఆ పిల్లకి తెలియదు. పిలిచి, కాసేపు నీడన కూర్చోవే, నీళ్లు తాగి పోదువు అని చెప్పాలనిపిస్తుంది.